ముందు ఫోన్ చేయండి, తర్వాతే చర్చ

ఛాతీ మధ్యలో బరువు. ఎడమ జబ్బలోకో, దవడలోకో, వెన్నులోకో పాకే నొప్పి. ఒళ్లంతా చల్లటి చెమట. కారణం తెలియని ఆయాసం. వీటిలో ఏది మొదలై అయిదు నిమిషాల్లో తగ్గకపోయినా అంబులెన్సుకు ఫోన్ చేయాలి. అమెరికా, కెనడాల్లో 911. బ్రిటన్‌లో 999. ఆస్ట్రేలియాలో 000. సింగపూర్‌లో 995. సౌదీలో 997, యూఏఈలో 998, కువైట్‌లో 112, ఖతార్, బహ్రెయిన్‌లలో 999, ఒమన్‌లో 9999. ఈ వ్యాసంలో మిగతాదంతా తీరిగ్గా చదవొచ్చు. మీరుంటున్న దేశపు నంబరు మాత్రం ఇప్పుడే గుర్తుపెట్టుకోండి, ఇంట్లో అందరితోనూ పైకి చెప్పించండి.

ఇంత తొందరపెట్టడానికి కారణం ఉంది. విదేశాల్లోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే తరహా విన్నపం పదేపదే వస్తోంది. ముప్ఫైల్లోనో నలభైల్లోనో ఉన్న మనిషి హఠాత్తుగా పోయాడు, భార్యాపిల్లలు దిక్కులేనివాళ్లయ్యారు, భౌతికకాయాన్ని ఊరికి పంపాలి, తలో చేయి వేయండి అని. చందా ఇచ్చేవాళ్లకు మనలో కొదవ లేదు. కానీ ఆ కబురు వెనకే మరో మాట కూడా తరచుగా వినబడుతుంది: ‘రాత్రి నుంచే ఛాతీలో ఏదోలా ఉందన్నాడట, పొద్దున్న చూద్దాంలే అనుకున్నారట.’ ఆ రాత్రికీ పొద్దుటికీ మధ్య ఉన్న గంటల గురించే ఈ హెచ్చరిక.

గంటల లెక్క

గుండెకు రక్తం అందించే నాళంలో కొవ్వు పేరుకున్న చోట పగులు వచ్చి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే గుండెపోటు వస్తుంది. నాళం మూసుకున్న అరగంటలోపే ఆ భాగంలోని కండరం చావడం మొదలవుతుంది. తర్వాతి కొన్ని గంటల్లో నష్టం దాదాపు పూర్తవుతుంది. కాలువకు అడ్డుపడితే చివరి మడి ముందు ఎండుతుంది. పైరు చచ్చాక అడ్డు తీసి ఎంత నీళ్లు వదిలినా అది లేవదు. గుండె కండరం సంగతీ అంతే. స్టెంటు వేసి దారి తెరిచే పరిజ్ఞానం ఎంత గొప్పదైనా, చచ్చిపోయిన కండరాన్ని బతికించలేదు.

ఇది లెక్కలతో తేలిన విషయం. ఇటలీలో 11,000 మందికి పైగా గుండెపోటు రోగులపై జరిగిన జిస్సీ పరిశోధన 1986లో వెలువడింది. గడ్డ కరిగించే మందు మొదటి గంటలోనే అందినవారిలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఆలస్యమైన కొద్దీ ఆ మేలు తరిగిపోయింది. తొమ్మిది గంటలు దాటాక మందు పొందినవారిలో ప్రయోజనమే కనిపించలేదు. మందు అదే, జబ్బు అదే. తేడా అంతా రోగి ఎప్పుడు చేరాడన్న దాంట్లోనే ఉంది.

ఆలస్యం వల్ల ఇంకో ప్రమాదం కూడా ఉంది. గుండెపోటు వచ్చిన మొదటి గంటల్లోనే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మానేసి వణికిపోయే స్థితి రావచ్చు. అప్పుడు మనిషి నిమిషంలో కుప్పకూలుతాడు. ఆ క్షణాన పక్కన షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ ఉంటే బతికే అవకాశం ఉంటుంది. అది అంబులెన్సులో ఉంటుంది, మన కారులో ఉండదు. సొంత కారులో తీసుకెళ్లొద్దని డాక్టర్లు పదేపదే చెప్పడానికి ఇదే కారణం. రోగి తానే నడుపుకుంటూ వెళ్తే దారిలో ఎదురయ్యేవాళ్ల ప్రాణాలకూ ముప్పే.

మనకు ముందే వస్తుంది

52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా దేశాలవారికి తొలి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53 ఏళ్లుగా తేలింది. మిగతా దేశాలవారికది దాదాపు 59. అంటే మనకు ఆరేళ్లు ముందే వస్తోంది. అమెరికాలోని హృద్రోగ వైద్యసంఘాలు 2018లో ఇచ్చిన కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాలు ఉండటాన్నే ముప్పును పెంచే అంశాల్లో ఒకటిగా చేర్చాయి. సన్నగా ఉన్నవాళ్లు కూడా ధీమాగా ఉండటానికి లేదు. మనవాళ్లకు తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే షుగర్ వస్తుంది. షుగర్ ఉన్న చోటికి గుండెజబ్బు వెతుక్కుంటూ వస్తుంది.

మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 2022 ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయినప్పుడు ఆయనకు 50 ఏళ్లు. 2023 జనవరిలో కుప్పంలో కుప్పకూలి, మూడు వారాలు మృత్యువుతో పోరాడి కన్నుమూసిన నటుడు తారకరత్నకు 39. ఆ వార్తలకు తెలుగునేల అంతా కలవరపడింది. అయినా మన ఛాతీలో నొప్పి వస్తే మాత్రం ‘నా వయసెంతని?’ అనుకుంటాం. నలభై ఏళ్లవాడికి గుండెపోటు రాదన్న నమ్మకం మన జాతికి ఎప్పుడూ చెల్లలేదు.

ఆరు గంటలు, యాభై నిమిషాలు

మన దేశంలో 20,000 మందికి పైగా గుండెపోటు, ఆ కోవకు చెందిన రోగుల వివరాలతో 2008లో క్రియేట్ రిజిస్ట్రీ నివేదిక వచ్చింది. అందులో రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడాలి. నొప్పి మొదలై ఆసుపత్రి చేరడానికి పట్టిన సమయం, మధ్యస్థంగా 360 నిమిషాలు. ఆసుపత్రి చేరాక గడ్డ కరిగించే మందు అందడానికి పట్టింది 50 నిమిషాలు. ఆరు గంటలు బయట, గంట లోపే లోపల. అసలు ఆలస్యం ఆసుపత్రి గుమ్మం బయటే జరుగుతోంది.

దారులు బాగాలేకపోవడం, ఆసుపత్రి దూరంగా ఉండటం ఆ ఆరు గంటల్లో కొంత భాగం. విదేశంలో ఆ రెండూ చాలామందికి లేవు. అమెరికాలో ఫ్రిస్కోలోనో, ఎడిసన్‌లోనో ఉన్న ఇంటికి అంబులెన్సు రావడానికి పట్టేది నిమిషాలే. అందులోనే ఈసీజీ తీస్తారు, అది ఆసుపత్రికి ముందే చేరుతుంది, స్ట్రెచర్ లోపలికి వెళ్లేసరికి స్టెంటు వేసే కేథ్ ల్యాబ్ సిద్ధంగా ఉంటుంది. రోగి వైద్యసిబ్బంది కంటపడ్డ 90 నిమిషాల్లోపు మూసుకున్న నాళం తెరవాలన్నది అక్కడి ప్రమాణం. ఇంత ఏర్పాటు గుమ్మం దాకా రావడానికి సిద్ధంగా ఉంటే, మనం ఫోన్ చేయడానికే గంటలు తీసుకుంటున్నాం. సముద్రాలు దాటినా ఆ అలవాటు మనతోనే వచ్చింది. దానికి పరాయిదేశపు భయాలు తోడయ్యాయి.

ఆ గంటలు ఎలా కరిగిపోతున్నాయి

మొదటిది గ్యాస్ అన్న అనుమానం. బిర్యానీ తిన్నాం, గ్యాస్ పట్టేసింది, ఈనో తాగితే పోతుంది, వాము నమిలితే తగ్గుతుంది, ఇండియా నుంచి తెచ్చుకున్న ప్యాన్ బిళ్ల వేసుకుంటే సరి. గుండె కింది భాగంలో వచ్చే పోటు పైపొట్టలో నొప్పిగా, వికారంగా, వాంతిగా కనిపించడం మామూలే. త్రేన్పు వచ్చి కాస్త తేలికైనంత మాత్రాన అది గ్యాసని రుజువైనట్టు కాదు. గ్యాసా గుండెపోటా అన్నది ఇంట్లో తేలేది కాదు. ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్ష తేల్చాలి.

రెండోది ఫోన్ల వరస. నొప్పి మొదలవగానే ముందు ఫోన్ వెళ్లేది హైదరాబాద్‌లోనో, గుంటూరులోనో, వరంగల్‌లోనో ఉన్న డాక్టరు బంధువుకు. ఆయన ఓపీలో ఉంటాడు, ఎత్తడు. వాట్సాప్‌లో మెసేజ్ పెడతారు. ఈలోపు తాముంటున్న ఊళ్లోని స్నేహితుడికి ఫోన్, ఆ స్నేహితుడికి తెలిసిన నర్సుకు ఫోన్. ఆ తర్వాత దగ్గర్లోని అర్జెంట్ కేర్‌కు ప్రయాణం. అక్కడ స్టెంటు వేసే ఏర్పాటు ఉండదు. వాళ్లూ చివరికి 911కే ఫోన్ చేస్తారు. ఒక్కొక్క ఫోనూ సమంజసంగానే కనిపిస్తుంది. అన్నీ కలిస్తే రెండు గంటలు.

ఇక్కడ తెలుగునాట ఉన్న డాక్టర్లందరికీ ఒక మనవి. అమెరికా నుంచో దుబాయ్ నుంచో అర్ధరాత్రి ఫోన్ వచ్చి, అవతలి గొంతు ‘మావయ్యా, ఆయనకి ఛాతీలో నొప్పిగా ఉందంటున్నారు’ అంటే లక్షణాలు ఒక్కొక్కటే అడుగుతూ కూర్చోకండి. ‘ఫోన్ పెట్టేసి అంబులెన్సుకు చేయమ్మా, తర్వాత నాతో మాట్లాడు’ అనండి. మీ బిడ్డలాంటి ఆ అమ్మాయికి ఆ క్షణాన కావాల్సింది రోగనిర్ధారణ కాదు, ఫోన్ చేసే ధైర్యం. మీ నోట ఆ ఒక్క మాట వస్తే ఇంట్లో తర్జనభర్జన ఆగిపోతుంది.

మూడోది మొహమాటం. 911 అంటే సైరన్లు, వీధంతా వెలుగులు, ఇంటి ముందు ఫైరింజను, ఒక్కోసారి పోలీసు కారు. చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటారో అన్న జంకు. ఫైరింజను రావడానికి కారణం ఉంది: చాలా ఊళ్లలో అగ్నిమాపక సిబ్బందే ప్రాథమిక వైద్యంలో శిక్షణ పొందినవాళ్లు, డీఫిబ్రిలేటర్‌తో అందరికన్నా ముందు చేరేది వాళ్లే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవ మొదలైంది. కుయ్ కుయ్‌మంటూ వచ్చే ఆ బండిని చూసి ఊళ్లో ఎవరూ సిగ్గుపడలేదు, దారి ఇచ్చి దండం పెట్టారు. రోడ్డు మీద ఎవరు పడిపోయినా 108కి ఫోన్ చేసే మనమే, పరాయి దేశంలో మన ఇంటి మనిషి కోసం 911 నొక్కడానికి వెనకాడటం ఏమిటి?

బిల్లు భయం

నాలుగోది డబ్బు. ఈ భయం ఉత్తుత్తిది కాదు. అమెరికాలో అంబులెన్సు బిల్లే వెయ్యి డాలర్లు దాటడం తరచుగా జరుగుతుంది. ఆసుపత్రి బిల్లు లక్షల రూపాయల్లో ఉంటుంది. అందుకే భయపడొద్దని ఊరికే చెప్పడం లేదు. భయంతో పాటు తెలుసుకోవాల్సిన హక్కులు కొన్ని ఉన్నాయి.

ఎమ్‌టాలా అనే చట్టం 1986 నుంచి అమెరికాలో అమల్లో ఉంది. ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ నుంచి డబ్బు తీసుకునే ఆసుపత్రి, అంటే దాదాపు ప్రతి ఆసుపత్రీ, ఎమర్జెన్సీకి వచ్చిన ఎవరినైనా పరీక్షించి, ప్రాణాపాయం ఉంటే స్థిమితపడేదాకా చికిత్స చేయాలి. బీమా లేకపోయినా, చేతిలో డబ్బు లేకపోయినా, ఏ వీసా మీద ఉన్నా, అసలు వీసా గడువే దాటిపోయినా ఈ హక్కు ఉంటుంది. గుండెపోటుకు చికిత్స చేయించుకోవడం వీసా నిబంధనల ఉల్లంఘన కాదు.

బీమా ఉన్నవాళ్లు ఎమర్జెన్సీకి వెళ్లే ముందు కంపెనీ అనుమతి తీసుకోనక్కర్లేదు. ఇంగితం ఉన్న మామూలు మనిషికి ఆ లక్షణాలు ప్రాణాపాయంగా తోస్తే చాలు, చివరకు గ్యాసేనని తేలినా దాన్ని ఎమర్జెన్సీగానే లెక్కించాలన్నది అక్కడి చట్టం. డిడక్టిబుల్ మీరు కట్టాల్సి రావచ్చు, అది వేరే సంగతి. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన మరో చట్టం ప్రకారం, మీ బీమా నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రి ఎమర్జెన్సీలో చేరినా మిగులు బిల్లు మీ నెత్తిన వేయకూడదు. రోడ్డు మీద నడిచే అంబులెన్సుకు మాత్రం ఆ రక్షణ లేదు.

బీమా లేనివాళ్లకూ దారి ఉంది. లాభాపేక్ష లేని ఆసుపత్రులుగా పన్ను మినహాయింపు పొందేవన్నీ తక్కువ ఆదాయం ఉన్నవారికి ఆర్థిక సాయం విధానం పెట్టుకుని తీరాలి. డిశ్చార్జి తర్వాత మొదటి బిల్లు వచ్చిన నాటి నుంచి 240 రోజుల దాకా దానికి దరఖాస్తు చేయొచ్చు. ఉద్యోగం పోయి హెచ్1బీ గడువు రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్లకు ఒక మాట: 20 మంది, అంతకు మించి పనిచేసే కంపెనీలో బీమా ఉండి ఉంటే, కోబ్రా కింద దాన్ని కొనసాగించాలా వద్దా అని నిర్ణయించుకోవడానికి కనీసం 60 రోజులు ఉంటాయి. ఎంచుకుని ప్రీమియం కడితే బీమా ఆగిపోయిన రోజు నుంచే వర్తిస్తుంది. ఈ నడుమ జబ్బు చేస్తే ‘బీమా లేదు కదా’ అని ఇంట్లో కూర్చోవద్దు.

బిల్లును బతిమాలి తగ్గించుకోవచ్చు, వాయిదాల్లో కట్టుకోవచ్చు, నలుగురి సాయం తీసుకోవచ్చు. మనిషి పోయాక శవపేటికకు చందా ఇవ్వడానికి ముందుకొచ్చే ఆ చేతులే, మనిషి బతికి ఉండగా బిల్లుకూ ఇస్తాయి. అడగండి.

అమ్మానాన్నల సంగతి

మనవడు పుట్టాడనో, పెళ్లనో ఆరు నెలలు ఉండటానికి వచ్చే తల్లిదండ్రులది మరీ గడ్డు పరిస్థితి. పగలంతా సబర్బులో ఆ పెద్ద ఇంట్లో వాళ్లిద్దరే. అడ్రసు పలకడం రాదు. ఫోన్‌లో వైఫై మీద వాట్సాప్ మాత్రమే నడుస్తుంది. నొప్పి వచ్చినా నోరు విప్పరు. కొడుకు మీటింగులో ఉంటాడు, కోడలికి ఇబ్బంది, వాళ్లకు ఖర్చు, ఎలాగూ వచ్చే నెలలో ఊరికి వెళ్తాం కదా అక్కడే చూపించుకుందాం అనుకుంటారు. నాన్నలు నొప్పిని దాస్తారు. అమ్మలు నొప్పిని నొప్పి అని కూడా అనరు, ‘కాస్త నీరసంగా ఉంది నాయనా’ అంటారు. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, పెద్దవయసువాళ్లలో గుండెపోటు తరచుగా అలాగే వస్తుంది: ఛాతీ నొప్పి లేకుండా, లేదా చాలా తక్కువగా, ఆయాసంగా, చెమటగా, వికారంగా, ఎన్నడూ లేని నిస్త్రాణగా.

పిల్లలకు చెప్పేదేమిటంటే, అమ్మానాన్నలకు విమానం టికెట్టు తీసిన రోజే విజిటర్ బీమా పత్రాన్ని పూర్తిగా చదవండి. పాత జబ్బులకు ఆ పాలసీలు సాధారణంగా వర్తించవు. పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే మాత్రం కొన్ని పాలసీలు ఒక పరిమితి మేరకు ఇస్తాయి, దానికి చాలావాటిలో ఉండే షరతు, లక్షణాలు మొదలైన 24 గంటల్లోపు చికిత్సకు వెళ్లాలని. ఖర్చు భయంతో ఒక రోజు ఆగితే ప్రాణంతో పాటు ఆ కాస్త బీమా కూడా చేజారుతుంది.

ఇంటి అడ్రసును తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి ఫ్రిజ్ మీద అంటించండి. అమెరికాలో సెల్‌ఫోన్‌కు ప్లాన్ లేకపోయినా 911 కాల్‌ను నెట్‌వర్కులు కలపాలన్నది నిబంధన. అయితే లైను తెగితే వాళ్లు తిరిగి చేయలేరు, కాబట్టి ముందుగా చెప్పాల్సింది అడ్రసే. వాట్సాప్ నుంచి 911 వెళ్లదు. ఫోన్ డయలర్ నుంచే నొక్కాలని చూపించి నేర్పండి. ఇంగ్లిషు రాకపోయినా ‘హార్ట్ అటాక్’ అని, ‘తెలుగు’ అని రెండు ముక్కలు చెబితే, ఫోన్‌లోనే దుబాసీని కలిపే ఏర్పాటు చాలా చోట్ల ఉంది. ఫోన్ పెట్టేయకుండా లైన్‌లో ఉంటే చాలు.

ఆసుపత్రిలో కూడా ఉచితంగా దుబాసీని అడిగే హక్కు ఉంది, అడగండి. కొడుకే మధ్యవర్తిగా ఉంటే తల్లి నొప్పిని తక్కువ చేసి చెబుతుంది, ఎప్పటి నుంచి ఉందో దాస్తుంది. పరాయి గొంతు అడిగితే నిజం చెబుతుంది. మొదటి ఈసీజీ బాగుందని చెప్పి ఇంటికి బయల్దేరకండి. గుండెపోటు మొదలైనప్పుడు ఈసీజీ మామూలుగా కనిపించవచ్చు. అందుకే కొన్ని గంటల తేడాతో రక్తపరీక్ష మళ్లీ చేస్తారు. అది తేలేదాకా ఉండాలి.

గల్ఫ్ క్యాంపుల్లో

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల నుంచి దుబాయ్, సౌదీ వెళ్లినవాళ్లకు, కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లకు భయాలు వేరు. సెలవు అడిగితే జీతం కోత. చేసేది ఎండలో పని కాబట్టి తల తిరిగినా, చెమట పోసినా ఎండదెబ్బ అనుకుని క్యాంపు గదిలో పడుకోవడం. ఇంటి పనిలో ఉన్నామెకు బయటికి ఫోన్ చేసే వీలే ఉండకపోవచ్చు. కంపెనీ వదిలేసి ఖల్లివెల్లి అయినవాళ్లకు, అంటే పత్రాలు లేకుండా ఉంటున్నవాళ్లకు, పట్టుబడతామన్న బెదురు. ఆ బెదురు అబద్ధమని ఎవరూ చెప్పలేరు. కానీ పట్టుబడినవాడు ఆలస్యంగానైనా ఇల్లు చేరతాడు.

గదిలో ఎనిమిది మంది ఉంటే ఆ ఎనిమిది మందీ ఒక ఒప్పందం చేసుకోవాలి: ఎవరికి ఛాతీలో పట్టేసినట్టయినా, పక్కనున్నవాడు ఎవరినీ అడగకుండా ఫోన్ చేయాలి. ఫోర్‌మన్‌కు తర్వాత చెప్పొచ్చు. క్యాంపు పేరు, బ్లాకు, గది నంబరు, దగ్గరి గుర్తు ఒక చీటీ మీద రాసి తలుపు వెనక అంటించాలి. అరబ్బీ రాకపోతే వచ్చిన హిందీలోనే చెప్పాలి. ఎండదెబ్బో గుండెపోటో తెలియకపోయినా ఫోన్ చేయాలి, ఎందుకంటే రెండూ చంపేవే. ఊళ్లో ఉన్న భార్యలు, తల్లులు వీడియో కాల్‌లో మనిషి మొహం చూసి పోల్చుకోగలరు. అనుమానం వస్తే ‘పడుకో, తగ్గుద్ది’ అనకండి. పక్క బెడ్డువాడికి ఫోన్ ఇమ్మనండి.

అంబులెన్సు వచ్చేలోపు

రోగిని కూర్చోబెట్టండి లేదా వీపుకు ఆసరా పెట్టండి. నడిపించకండి, మెట్లు దింపకండి, స్నానం చేసి బట్టలు మార్చుకుని వస్తానంటే ఒప్పుకోకండి. తిండీ సోడా పెట్టకండి. తలుపు గడియ తీసి ఉంచండి, గేటు కోడ్ ఉంటే ఫోన్‌లో చెప్పండి. వాడే మందుల కవరు దగ్గర పెట్టుకోండి.

ఆస్పిరిన్ పడని జబ్బు, రక్తస్రావం సమస్య లేకపోతే, ఫోన్‌లో ఉన్న సిబ్బంది చెప్పినట్టు ఒక బిళ్ల నమిలించాలి. అమెరికాలో దొరికే 325 ఎంజీది ఒకటి, లేదా 81 ఎంజీవి నాలుగు. టైలెనాల్, డోలో ఆస్పిరిన్ కావు, వాటివల్ల ఉపయోగం లేదు. ఎవరికో రాసిచ్చిన సార్బిట్రేట్ బిళ్ల నాలుక కింద పెట్టొద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. గట్టిగా దగ్గుతూ ఉంటే గుండెపోటు నుంచి బయటపడొచ్చనే వాట్సాప్ సందేశాన్ని నమ్మొద్దు, ఇంకొకరికి పంపొద్దు.

మనిషి కుప్పకూలి, పిలిచినా పలకక, ఊపిరి సరిగా తీసుకోకపోతే గుండె ఆగినట్టే లెక్క. వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి ఆనించి, కనీసం అయిదు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఎలా నొక్కాలో 911 సిబ్బందే ఫోన్‌లో చెబుతూ ఉంటారు. ఇలా నొక్కడమే సీపీఆర్. అది లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. పక్కటెముక విరుగుతుందేమోనని ఆగొద్దు. విరిగిన ఎముక అతుక్కుంటుంది.

సంఘాలు చేయాల్సింది

తానా, ఆటా, నాట్స్ వంటి సంఘాల వాలంటీర్లు భౌతికకాయాలను ఊళ్లకు చేర్చడంలో చేసే సేవకు చేతులెత్తి మొక్కాలి. ఆ సేవ చేసేవాళ్లకే తెలుసు, అందులో ఎన్ని ప్రాణాలు కాపాడదగినవో. రెండేళ్లకోసారి వేలమందితో జరిగే మహాసభల్లో సినిమా తారల కార్యక్రమం ముందు పది నిమిషాలు వేదిక మీద సీపీఆర్ చేసి చూపించండి. వచ్చినవాళ్లంతా సాధన చేసేలా బొమ్మలు పెట్టండి. పిట్స్‌బర్గ్ నుంచి మాలిబు దాకా ఉన్న గుళ్లలో, వారాంతపు క్రికెట్ మైదానాల్లో, బతుకమ్మ ఆడే హాళ్లలో ఏఈడీ, అంటే షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ పెట్టె, ఎక్కడుందో అందరికీ కనబడేలా బోర్డు పెట్టండి. ఆ పెట్టె తెరవగానే ఏం చేయాలో అదే చెబుతుంది, చదువుకున్న డాక్టరే అక్కర్లేదు. గల్ఫ్‌లో పనిచేసే కార్మిక సంఘాలు అంబులెన్సు నంబరు, గుండెపోటు లక్షణాలు తెలుగులో అచ్చేసి ప్రతి క్యాంపు గోడ మీదా అంటించాలి. ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు, పూనిక కావాలి.

ఈ రాత్రే

ఈ కాగితం పక్కన పెట్టగానే నాలుగు పనులు చేయండి. ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లల నుంచి అమ్మమ్మ దాకా అందరిచేతా అంబులెన్సు నంబరు, ఇంటి అడ్రసు చెప్పించండి. ఆస్పిరిన్ ఎక్కడుందో చూసుకోండి. మీ దగ్గర్లో గుండెపోటుకు రాత్రింబవళ్లు స్టెంటు వేసే ఆసుపత్రి ఏదో కనుక్కోండి. ఇంట్లో ఎవరికి షుగర్, బీపీ ఉన్నాయో, ఏ మందులు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

చివరిగా, రోగి పక్కన ఉండేవాళ్లకు. ఫోన్ చేయొద్దని మొదట చెప్పేది నొప్పి పడుతున్న మనిషే. ‘ఏం కాదులే, కాసేపు చూద్దాం, ఖర్చు దండగ’ అంటాడు. నీమీద ఒట్టు అంటాడు, కోప్పడతాడు. అతని మాట వినకండి. ఆ కాసేపట్లో నిర్ణయం అతనిది కాదు, మీది. గ్యాసని తేలితే అందరూ కలిసే ఇంటికి వస్తారు, కోపం రెండు రోజుల్లో పోతుంది. వద్దన్నా ఫోన్ చేయండి.